కొన్న గుమ్మడికాయ

మా కాలేజీలో అమెరికా చరిత్ర పేపరు ఎవరికీ అక్కర్లేదు. పిల్లలు వేరే పేపర్లో సీటు దొరకక ఇటు వస్తారు. నేను పర్మినెంటు ఉద్యోగం దొరకక ఇటు వచ్చాను. కరీంనగర్‌లో నన్ను గెస్ట్ లెక్చరర్ అంటారు. అతిథి అన్నారు కదా అని మర్యాదలు ఉంటాయనుకునేరు. సెలవుల్లో జీతం ఉండదు, స్టాఫ్ రూములో కుర్చీ ఉండదు.

అయినా ఆ పేపరంటే నాకు ఇష్టం. సిపాయిల ఉత్తరాల వల్ల ఇష్టం. అమెరికా పుట్టిన కథ మామూలు పుస్తకాల్లో చదివితే అంతా పెద్దమనుషులు, పెద్ద మాటలు. అదే యుద్ధంలో తుపాకీ మోసినవాళ్లు ఇంటికి రాసిన ఉత్తరాలు చదివితే స్వేచ్ఛ అన్న మాట ఎప్పుడో ఒకసారి కనిపిస్తుంది. మిగతాదంతా బూట్లు చిరిగాయి, పిండి లేదు, దుప్పటి పంపు, ఆవు ఈనిందా. ఇంకో మాట మాత్రం పదే పదే వస్తుంది. యుద్ధం అయ్యాక మాకు భూమి ఇస్తారట.

నా తమ్ముడు జోయల్ ఫౌజులో ఉన్నప్పుడు ఫోన్లో అడిగేవాడు. "అక్కా, గా అమెరికా సిపాయిలు ఇంటికి ఏం రాసేటోళ్లే?" నేను చెప్పేదాన్ని. వాడు పగలబడి నవ్వేవాడు. "నేను అవ్వకు చెప్పేది గదే గదనే! బూట్ల సంగతొక్కటి తీసెయ్. మాకు బూట్లు మంచియే ఇస్తరు."

మూడేళ్ల కింద వాడు మంచుకొండల్లో చనిపోయాడు. శత్రువు ఎవరూ రాలేదు. మంచు చరియ విరిగి టెంటు మీద పడింది. జమ్మికుంటకు జెండా కప్పిన పెట్టె వచ్చింది, వెనకాలే నాయకులు వచ్చారు. అమరవీరుడి కుటుంబానికి అయిదెకరాల భూమి అని మైకులో చెప్పారు. అప్పటిదాకా నేల మీద పడి ఏడుస్తున్న మా అమ్మ, మేం అవ్వ అంటాం, తలెత్తి మైకు వైపు చూసింది. నాకు ఒళ్లు మండింది. శవం ఇంకా ఇంటి ముందే ఉంది కదా అనుకున్నాను. కానీ ఆ చూపు ఎక్కడిదో నాకు తెలుసు.

మా అవ్వ లచ్చవ్వ జన్మంతా జమ్మికుంట మార్కెట్ యార్డులో పత్తి కూలి. లారీల కొద్దీ పత్తి ఆమె చేతుల మీదుగా పోయింది, అందులో గుప్పెడైనా ఆమెది కాదు. మా మెథడిస్టు చర్చిలో ఏటా కోత పండుగ చేస్తారు. భూమి ఉన్నవాళ్లు తమ పంటలో మొదటిది, వడ్ల గంపో మక్క కంకులో పత్తి మూటో, తెచ్చి పాస్టరు నిలబడే పుల్పిట్ ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వేలం పాట పాడి, వచ్చిన డబ్బు చర్చికి జమ చేస్తారు. భూమి లేనివాళ్లు మాత్రం ఉత్త చేతులతో ఎలా వస్తారు? అవ్వ పొద్దున్నే అంగడికి పోయి గుమ్మడికాయ కొనేది. దాని మీది మట్టి కడగకుండా అలాగే తెచ్చేది, అప్పుడే చేనులో కోసుకొచ్చినట్టు. అది అంగట్లోదని చర్చి మొత్తానికి తెలుసు. ఎవరూ అనరు.

జోయల్ పదో తరగతిలో ఉన్నప్పుడు చర్చి మెట్ల మీద అన్నాడు. "అవ్వా, జర ఓపిక పట్టు. నేను భూమి తీసుకున్నంక మన చేన్లది పెడుదువు." వాడు దేశం కోసం ఫౌజులో చేరాడని సంతాప సభలో అందరూ అన్నారు. నాకు తెలిసి వాడు చేరింది ఆ గుమ్మడికాయ కోసం.

భూమి కాగితం చేతికి రావడానికి రెండేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగాం. చనిపోయిన మా నాన్న తోమాసుది బోథ్ పక్క ఊరు, జోయల్ ఫౌజులో ఇచ్చిన చిరునామా కూడా అదే, అందుకని భూమి అక్కడే చూపించారు. అవ్వా నేనూ బస్సు మీద బస్సు మారి పోయాం. అవ్వ తన సంచిలో గుమ్మడి గింజల పొట్లం పెట్టుకుంది. నేను చూడలేదనుకుంది.

సర్వేయర్ అంతయ్య మమ్మల్ని వాగు దాటించి ఒక మెట్ట చెలక దగ్గర ఆపాడు. "గిదే మీ భూమి," అన్నాడు.

భూమి ఖాళీగా లేదు. నడుమెత్తు పత్తి ఉంది, కాయలు అప్పుడే పగులుతున్నాయి. మధ్యలో ఒక గోండు ఆమె వంగి కలుపు తీస్తోంది.

"మరి గీ పత్తి ఎవలదయ్యా?" అంది అవ్వ.

"కబ్జా. వీళ్లకు పట్టా లేదు. మీరు ఊఁ అనుండ్రి, పోలీసులను తీసుకొచ్చి ట్రాక్టర్ తోలిపిస్తం."

ఆ మాట విని ఆమె మా దగ్గరికి వచ్చింది. పేరు సక్కుబాయి. తిట్టి తరుముతుందనుకున్నాను. గోనె సంచి పరిచి "బసా మాయ్, కూసో," అంది. చెంబుతో నీళ్లు ఇచ్చింది. అంతయ్య కాగితం చదివి వినిపిస్తే చివరిదాకా విన్నది.

"గీడున్న చెట్ల మొదళ్లు మా మామ తీసిండు. గీ రాళ్లు నేనే ఏరిన. కాగదం కోసం మేం గూడ తిరిగినం, మాకియ్యలే." అవ్వ చెయ్యి పట్టుకుంది. "నీ కొడుకు పోయిండు మాయ్. నీకు భూమి ఇయ్యాలె, ఇయ్యాల్సిందే. మాదే ఎందుకు ఇయ్యాలె?"

అవ్వ పగిలిన కాయ ఒకటి తెంపి, యార్డులో చేసే అలవాటు కొద్దీ దూది పింజ లాగి చూసింది. "మంచి పత్తి," అని లేచింది. గింజల పొట్లం సంచిలోనే ఉండిపోయింది.

ఆ రోజు కరీంనగర్‌లో నా అద్దె గదికి వచ్చాక, నోరు మూసుకుని అవ్వకింత అన్నం పెట్టాల్సింది. నేను పాఠం చెప్పాను. చదువుకున్నవాళ్లకు ఉండే జబ్బు ఇది, ఇంట్లో పీనుగ లేచినా పుస్తకం తెరుస్తాం. క్లాసులో ప్రతి ఏడూ చదివే ఒక ఉత్తరం తీసి ఆమెకు తెలుగులో చెప్పాను. ఆ సిపాయిని దండుతో పాటు అక్కడి మూలవాసుల ఊళ్ల మీదికి పంపారు. వాడు భార్యకు రాశాడు: ఇంత మంచి నేల నా పుట్టుకలో చూడలేదు, మొక్కజొన్న మనిషికి మించి పెరిగింది, అంతా నరికి కాల్చేశాం, పండ్ల చెట్లు కూడా వదల్లేదు, యుద్ధం అయ్యాక మాకు ఇక్కడే భూమి ఇస్తే బాగుండు.

"తర్వాత భూమి కాగితాలు ఇచ్చిండ్రవ్వా," అన్నాను. "చానామంది సిపాయిలు గా నేల మీద కాలు గూడ పెట్టలే. వ్యాపారులు వచ్చి కాగితాలు చవుకల కొనుక్కున్నరు. అక్కడ ముందుగాల ఉన్నోళ్లకూ మిగల్లే, సిపాయికీ దక్కలే. మనం గీ భూమి వద్దని రాసిద్దాం. వేరే దగ్గర అడుగుదాం."

అవ్వ మొహం ఎర్రబడింది. "బస్ చెయ్ బిడ్డా. నీ సిపాయి ఊళ్లకు అగ్గి పెట్టిండు. నా కొడుకు ఎవలింటికి అగ్గి పెట్టలే. మంచుల కూరుకపోయి సచ్చిండు. గా ఉత్తరం నాకెందుకు సదువుతున్నవ్?"

"నిన్ను అనలేదవ్వా."

"మరి ఎవల్ని అన్నవ్? ఆమె పత్తి మీద ట్రాక్టర్ తోలుమని నేనన్ననా? రెండేండ్లు తిరిగిన. వద్దని రాసిచ్చి ఇంకెన్నేండ్లు తిరగాలె? నాకు భూమి గావాలె. నా కొడుకు పేరు మీద ఒక్క పంట గావాలె. గంతే."

పొద్దున్నే జమ్మికుంట బస్సెక్కి పోయింది. ఆ తర్వాత ఫోన్లో భూమి ఊసెత్తితే ఎండల సంగతి, మోకాళ్ల నొప్పుల సంగతి చెప్పేది. నేను మళ్లీ ఉత్తరాలు చదువుతానని భయపడిందని నాకు ఆలస్యంగా తెలిసింది.

జమ్మికుంటలో రాకేశ్ అని ప్లాట్ల వ్యాపారి ఉన్నాడు. జోయల్ సంతాప ఫ్లెక్సీలో జోయల్ బొమ్మ కన్నా తన బొమ్మ పెద్దగా వేయించుకున్న మనిషి. అతను అవ్వ దగ్గరికి వచ్చి కూర్చుని, చాయ్ తాగి, ఎంతో ప్రేమగా మాట్లాడాడట. "గంత దూరం పోయి గోండోళ్లతోని కొట్లాడుతవా అవ్వా? గా కాగితం నాకియ్యి. నీకు గీడనే, ఆటోల పోయి వచ్చే దూరంల, ఎకరం నల్లభూమి ఇస్త. ఫికర్ జెయ్యకు."

అవ్వ ఒకే ఒక్క షరతు పెట్టింది. సక్కుబాయిని కదిలించకూడదు. అతను సరేనన్నాడు. అవ్వకు అది చాలలేదు. మా ఇళ్లల్లో ఎంత పెద్ద తగాదా అయినా బైబిలు మీద చెయ్యి పెడితే ఆగిపోతుంది. ఆ చెయ్యి ఎలాంటిదో చూడాలన్న ఆలోచన మావాళ్లకు రాదు. అవ్వ అటక మీది బైబిలు దించి అతని ముందు పెట్టింది. అతను రెండు చేతులూ పెట్టాడట.

వేలిముద్రలు పడ్డాయి. ఎండాకాలంలో అతను చూపించిన భూమి మెత్తగా, నల్లగా, నెర్రెలు విచ్చి ఉంది. అవ్వ ఎప్పుడూ పత్తి చూసింది గాని, పత్తి పండే నేలతో ఆమెకు పరిచయం లేదు. చర్చివాళ్లకు ఒక్క మాట చెప్పినా ఎవరో ఒకరు అడ్డుపడేవాళ్లు. ఆమె చెప్పలేదు. కోత పండుగనాడు సొంత చేనులోది తెచ్చి అందరినీ ఆశ్చర్యపరచాలనుకుంది. మొదటి వానకు గుమ్మడి గింజలు పెట్టింది. మొలకలు వచ్చాయి, తీగ సాగింది, ఆ సంగతులన్నీ ఎవరికీ చెప్పకుండా దాచుకుంది.

వానలు ముదిరాక ఫోన్ చేసింది. "క్యాథరినూ, ఒక్కపారి రా బిడ్డా." అంతే చెప్పింది.

కట్ట మీద ఆమె పక్కన నిలబడి చూస్తే కనుచూపు మేరా నీళ్లు. రాకేశ్ ఇచ్చిన ఎకరం చెరువు శిఖం, ఎండాకాలం మాత్రమే బయటపడే చెరువు అడుగు. తీగ జాడ కూడా లేదు. చేపల కాంట్రాక్టరు మనిషి వచ్చి, ఎవరు మీరు, ఇక్కడేం పని అని అడిగాడు.

"మా భూమి చూసుకోను వచ్చినం," అంది అవ్వ.

అతను నవ్వాడు. అతని తప్పేమీ లేదు, ఎవరైనా నవ్వుతారు. నాకు మాత్రం ఆ నీళ్లలో దూకి రాకేశ్ పేరు పెట్టి అరవాలనిపించింది. రాసుకున్నవన్నీ వేరేవాళ్ల పేరు మీదే, రాకేశ్ పేరు ఏ కాగితం మీదా లేదు. అతని పని అదే.

మరుసటి వారం నేను ఒక్కదాన్నే బోథ్ పోయాను. పత్తి లేదు. ఇనుప ముళ్ల కంచె, గేటు, లోపల సున్నం గీతలతో ప్లాట్లు. సక్కుబాయి కుటుంబం మంచిర్యాల వైపు ఇటుక బట్టీలకు పోయిందని పక్క చేను వాళ్లు చెప్పారు. తిరిగి వచ్చి అవ్వకు ఉన్నదున్నట్టు చెప్పాను. నన్ను తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. అటక వైపు చూసి, "రెండు చేతులు పెట్టిండు గదనే," అంది.

క్లాసులో ఈ కథ నాకు కంఠతా వచ్చు. ఎవరు గీతలు గీశారు, ఎవరు కంచె కట్టారు, ఎవరికి ఏమీ మిగల్లేదు, అన్నీ పరీక్షకు వచ్చే ప్రశ్నలు. ఆ తెలివంతా మా ఇంట్లో ఒక్క వేలిముద్రను ఆపలేకపోయింది.

కోత పండుగ వచ్చింది. అవ్వ రాదనుకున్నాను. పొద్దున్నే అంగడికి పోయి గుమ్మడికాయ కొంది, ఎప్పటిలాగే మట్టి కడగలేదు. చర్చి నిండిపోయింది. ముందు వరుసలో కుర్చీ వేసి రాకేశ్‌ను కూర్చోబెట్టారు. చర్చి పైకప్పుకు రేకులు ఇస్తున్నాడట, ముఖ్య అతిథి. డేవిడ్ పాస్టరు గారు మంచి మనిషి, ఆయనకు ఏదీ తెలియదు. వీర జవాను తల్లి మన సంఘంలో ఉండటం దేవుని కృప అని ప్రార్థన చేశారు.

వేలం మొదలైంది. అవ్వ గుమ్మడికాయను ఏటా ఎవరో ఒకరు జాలికొద్దీ పాడుకునేవారు. ఈసారి రాకేశ్ చెయ్యెత్తాడు. "మా జోయల్ పేరు మీద," అని, ఒక గుమ్మడికాయకు ఎవరూ పాడనంత పెద్ద పాట పాడాడు. చప్పట్లు మోగాయి. తెచ్చినవాళ్లు పాడుకున్నవాళ్లకు తమ చేతులతో అందించాలని మా చర్చిలో పద్ధతి. అవ్వ లేచింది. నేను కొంగు పట్టుకుంటే విడిపించుకుంది.

గుమ్మడికాయ ఎత్తుకుని అతని ముందు నిలబడింది. అతను ఫోటో కోసం నవ్వుతూ రెండు చేతులూ చాచాడు. ఆ చేతుల వంక ఆమె చాలాసేపు చూసింది.

"గిది నా చేన్ల కాసింది కాదు," అంది, వెనక వరుసకు కూడా వినపడేలా. "అంగట్ల కొన్నది. ఏటేటా కొన్నదే. నా కొడుకు పానం పోయినంక గూడ కొన్నదే తెచ్చిన. ఒకామె పత్తి పోయింది, నా కొడుకు భూమి పోయింది, అన్నీ నీ తాన్నే ఉన్నయ్ బిడ్డా. గిదొక్కటి మా తాన ఎందుకు? ఇగ గిది గూడ తీస్కపో."

రాకేశ్ అటూ ఇటూ చూసి, గుమ్మడికాయ తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. దాని మట్టి అతని తెల్ల చొక్కాకు అంటింది, చేత్తో దులుపుకున్నాడు. పాస్టరు గారు గొంతు సవరించుకుని, తర్వాతది పత్తి మూట, ఎవరు పాడతారు అని అడిగారు.