తొమ్మిది వాటాల మిగులు

పడవ మూతి మీద రాసిన నంబరును దుర్గారావు వేలితో పొడుస్తూ కూడుతుంటే గంగాలమ్మకు ఒళ్లు మండిపోయింది.

"మూడూ ఒకటీ నాలుగు, నాలుగు కలిపితే ఎనిమిది, అయిదు, ఆరు, సున్నా, ఏడు... ఇరవై ఆరు. రెండూ ఆరూ మళ్లీ ఎనిమిదే. శని అంకె, వొదినా. మా అన్నని మింగేసింది. ఇంక నాను ఎక్కను, ఈల్లూ ఎక్కరు. అమ్మేద్దాం."

పడవకు వచ్చే వాటా తప్ప ఆమెకు వేరే బతుకు లేదు. యారాడ తీరం ఇసుకలో కూర్చున్న మిగతా అయిదుగురూ వలల్లోకి తల దించుకున్నారు.

ముప్పై ఒక్క లక్షా నలభై అయిదు వేల ఆరువందల ఏడు. రాత్రిబడిలో గంగాలమ్మ నేర్చుకున్న మొదటి పెద్ద సంఖ్య అదే. బేసి సంఖ్య, మూడుతో భాగం పోదు, తొమ్మిదితోనూ పోదు అని పంతులమ్మ జ్యోతిర్మయి చెప్పింది. అంకెలు కూడగా కూడగా చివరికి వచ్చే ఎనిమిది, తొమ్మిదితో భాగిస్తే మిగిలే శేషమేనని పలక మీద చేసి చూపించింది.

"మన పడవకి వాటాలెన్ని?" అంది గంగాలమ్మ.

"తెలీదేటి? మనుసులకి ఆరు, పడవకొకటి, వలలకి రెండు."

"తొమ్మిది పోగులూ సమానంగా ఎట్టాక, ఎక్కువలో ఎక్కువ ఎన్ని సేపలు మిగల్తాయి?"

అందరిలో పెద్దవాడు గురువులు అన్నాడు. "ఎనిమిది. ఇంకోటుంటే పోగుకొకటి ఎల్లిపోద్ది."

"ఆ మిగిలినయి ఎవులికిత్తారు?"

"వాటా లేనోల్లకి. మొగుడు పోయినోల్లకి."

"ఇన్నావా దుర్గారావూ? మీ నాన్న పోయాక మీ అమ్మ బుట్టట్టుకుని ఇక్కడే నిలబడేది. ఎనిమిది మిగిలిన రోజు నీకు కడుపు నిండేది. ఆ ఎనిమిది తిని మీసాలు పెంచి, ఇయ్యాల దాన్ని శనంటన్నావు. గాలొత్తంది, ఎల్లొద్దని రేడియో మొత్తుకుంటే, ఏటవదు పదమని మీ అన్నని లాక్కెల్లింది ఈ అంకెనా, నువ్వా?"

దుర్గారావు సముద్రం వైపు తిరిగాడు. గురువులు లేచి, తలగుడ్డ బిగించి, పడవకు భుజం ఆనించాడు. అతని వెనకే మిగతా నలుగురూ లేచారు.

పడవ నీళ్లు తాకాక గంగాలమ్మ కేక వేసింది.

"గురువులు మావా, ఇయ్యాల మనుసులు అయిదుగురే. ఎనిమిది వాటాలెయ్యండి."

తర్వాత మరిది వైపు చూసింది. ఆమె కోపం ఇంకా చల్లారలేదు.

"పడవ తిరిగొచ్చే యేలకి బుట్టట్టుకుని రా. ఏదన్నా మిగిల్తే నీకెడతాను."