ఖాళీ వీపు

మాన్సోక్ భార్యను సైనిక లారీ చంపింది. రావలసిన రోజున రాకుండా చంపింది. ఈ విషయంలో అతనికి రెండో అభిప్రాయం లేదు. ఊళ్ళో ఇంకెవరికీ ఉండనివ్వలేదు.

యుద్ధం ఆగి ఏడాది దాటింది. లోయలో వంతెన ఇంకా వాగులోనే పడి ఉంది. కాలిపోయిన బడి స్థలంలో నర్సు గిల్‌యే మందుగుండు పెట్టెల చెక్కలతో ఒక గది నిలబెట్టింది. పశువులకు కుడితి కాచే ఇనప కాగులో సూదులు మరగబెట్టేది. పారాచూట్ గుడ్డ చింపి కట్లకు వాడేది. పొద్దున్నే రెండు ఊళ్ళు నడిచి టీకాలు వేసి, మధ్యాహ్నానికి తిరిగొచ్చి గుమ్మంలో కూర్చున్న రోగులను చూసేది. ఆమెకు ముప్పై ఏళ్ళు కూడా లేవు. అలసిపోయానని ఆమె అనగా విన్నవాళ్ళు లేరు.

మాన్సోక్ ఆ గది ఎదురుగా కట్టెలు కొట్టుకుంటూ రోజూ ఒక మాట విసిరేవాడు.

"లారీ లేని ఆసుపత్రి, ఎద్దు లేని బండి."

"ఎద్దు దొరికేదాకా మనమే లాగుదాం బాబాయ్. రండి, ఒక పక్క మీరు పట్టండి. మీ వీపు గురించి కొండ మీద సైనికులు కథలు చెప్పుకునేవారట కదా!"

"చెప్పుకున్నవాళ్ళు ఇప్పుడు ఏరీ?" అనేవాడతను.

యుద్ధంలో అతను జిగే మోశాడు. అది వీపుకు తగిలించుకునే కొయ్య చట్రం. ఇళ్ళల్లో దానిమీద కట్టెలు, గడ్డి మోస్తారు. మాన్సోక్ శిఖరాల మీంచి గాయపడ్డవాళ్ళను మోసుకొచ్చాడు. చాలామంది దారిలోనే పోయారు. అలా లోయలో ఒక నమ్మకం పాతుకుపోయింది: జిగే ఎక్కిన మనిషి తిరిగి రాడు. అందుకని ఎవరికి జబ్బు చేసినా ఇంట్లో పడుకోబెట్టి, వాగు అవతలి సైనిక శిబిరానికి కబురు పంపి, లారీ కోసం కళ్ళు కాయలు కాచేలా చూసేవారు. తుపాకులు ఆగాక కూడా ఈ ఎదురుచూపు మనుషుల్ని తీసుకుపోతూనే ఉంది.

చలికాలపు నిలవ పచ్చడి కిమ్చీకి ముల్లంగి తరిగే రోజులు. మాన్సోక్ పక్కింట్లో ఓక్‌న్యో కోడలు బున్‌నేకి ముందురోజు నుంచీ నొప్పులు. గిల్‌యే లోపలినుంచి వచ్చి చేతులు తుడుచుకుంది.

"అత్తా, బిడ్డ చెయ్యి ముందొచ్చింది. ఇక్కడ నా వల్ల కాదు. నాలుగు క్రోసులు పోతే పట్నంలో డాక్టరున్నాడు. పొద్దు వాలేలోపు చేరిస్తే ఇద్దరూ దక్కుతారు. జిగే మీద తీసుకుపోదాం."

ఓక్‌న్యో గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "నా కోడల్ని జిగే ఎక్కిస్తావా? నా మొగుణ్ణి అలాగే ఎక్కించారు. వచ్చాడా? లారీకి కబురెళ్ళింది. వస్తుంది. ఈ పూట కాకపోతే రేపు."

గోడ అవతల గొడ్డలి చప్పుడు ఆగిపోయింది.

కాసేపటికి మాన్సోక్ జిగే తగిలించుకుని వాకిట్లోకి వచ్చాడు. ఓక్‌న్యో మండిపడింది.

"నీకు బుద్ధుందా? నీ పెళ్ళాన్ని లారీయే కదా చంపింది? నువ్వే కదా ఊరంతా చాటావు?"

"చాటాను వదినా." అతను ఎవరి మొహమూ చూడలేదు. "నా సున్‌దాన్‌కి కడుపునొప్పి వచ్చినప్పుడు నేను ఇంట్లోనే ఉన్నాను. ముక్కూమొహం తెలియనివాళ్ళను మోసిన ఈ జిగే గోడకి ఆనించి ఉంది. 'నన్నూ మోసుకుపోవయ్యా' అని అడిగింది. అశుభం పలక్కు అన్నాను. ఈ పూట కాకపోతే రేపు వస్తుందన్నాను. రెండు రోజులు గుమ్మంలో కూర్చున్నాను వదినా. నా వీపు ఖాళీగానే ఉంది."

లోపలినుంచి బున్‌నే గొంతు సన్నగా వినబడింది. "అత్తయ్యా, నన్ను ఎక్కించండి."

ఓక్‌న్యో తన దూది కోటు విప్పి జిగే మీద పరిచింది. "పడేశావంటే నీ కాళ్ళు విరగ్గొడతాను."

"విరగ్గొట్టు. ముందు దుప్పటి తే."

నలుగురు మనుషులు వంతులు వేసుకున్నారు. మందుపాతరలున్న వాలు దగ్గర మాత్రం అతను జిగే ఎవరికీ ఇవ్వలేదు. ఏ రాయి పక్కన అడుగు వెయ్యాలో అతని కాళ్ళకు తెలుసు. బున్‌నే వెనక్కి తిరిగి కూర్చుంది. గిల్‌యే ఆమెకు ఎదురుగా, ఆమె చేతులు పట్టుకుని, మాన్సోక్ అడుగులోనే అడుగు వేస్తూ నడిచింది. వాగులో నడుము లోతు చన్నీళ్ళలోనూ ఆ చేతులు వదల్లేదు.

"నొప్పి వస్తే నా వేళ్ళు నలిపెయ్. రెండు పోయినా ఇంకా ఎనిమిదుంటాయి," అంది. బున్‌నే ఏడుస్తూనే నవ్వింది.

కొండమీద పొద్దు జానెడు ఉందనగా పట్నం ఆసుపత్రి చేరారు. బిడ్డ వాచిన చేత్తో, నీలిరంగు ఒంటితో బయటపడింది. చాలాసేపటికి ఏడ్చింది. తల్లి దక్కింది. లారీ మర్నాడు సాయంత్రం చుట్టుదారిన ఊళ్ళోకి వచ్చి, ఎక్కించాల్సినవాళ్ళెవరూ లేరని తిరిగి వెళ్ళింది.

వసంతం వచ్చేసరికి గిల్‌యే గది గోడకు గడ్డి మెత్తలు కుట్టిన ఎనిమిది జిగేలు వేలాడుతున్నాయి. ఊరికిద్దరు మోసేవాళ్ళు కుదిరారు. ఒక ఊరివాళ్ళు తమ పొలిమేర దాకా మోస్తే, తరవాతి ఊరివాళ్ళు అందుకునేవారు. కొత్తవాళ్ళకు ముడులు నేర్పింది మాన్సోక్. అతను లారీని క్షమించలేదు. తనను అసలే క్షమించుకోలేదు.

ఒకరోజు గిల్‌యే అడిగింది. "బాబాయ్, పై లోయవాళ్ళు ఇంకా జిగే అంటే భయపడుతున్నారు. ఓక్‌న్యో అత్త వాకిట్లో చెప్పింది అక్కడికొచ్చి ఒక్కసారి చెప్పరూ?"

అతను తాడు ముడి బిగించాడు.

"మోసేవాడు వస్తాడని కూర్చోవద్దని చెప్పు. కదలగలిగినవాడే మోసేవాడని చెప్పు. కాలిపోయిన బడి చోట ఆసుపత్రిని చెక్కలతో నువ్వు లేపావు, దాన్ని జనం వీపులే నిలబెట్టాలని చెప్పు. ఇవన్నీ నా పేరుతోనే చెప్పు నర్సమ్మా. సున్‌దాన్ సంగతి మాత్రం ఆ ఒక్కసారే చెప్పాను. ఇక నా నోటివెంట రాదు. నువ్వు కూడా అడగొద్దు."