సంచిలో స్వరం

పొద్దున్నే లిఫ్టు మెకానిక్ సంచి సర్దుకోవడం ఆ ఇంట్లో రోజూ ఉండే తంతే. స్పానర్లు, గ్రీజు డబ్బా, టార్చి, అన్నం డబ్బా, అన్నిటికంటే పైన ఆ స్వరం. దానికి బరువంటూ ఉండదు గాని, నలిగితే రోజంతా మూలుగుతుంది. అందుకే దాని కింద మెత్తటి గుడ్డ.

"స్వరాన్ని పెట్టుకున్నారా?" వంటింట్లోంచి భార్య.

"పెట్టుకున్నానే."

"నిన్న దానికి జలుబు చేసినట్టుంది. ఆ లిఫ్టు గోతుల్లో చల్లగాలికి తిప్పకండి."

ఇరుగుపొరుగూ అంతే, పెంపుడు పిల్లిని అడిగినట్టు దాని క్షేమం అడిగేవారు. ఎవరి స్వరమని మాత్రం ముప్పై నాలుగేళ్ళలో ఒక్కరూ అడగలేదు. ఆయన గిటారుదే అనుకున్నారు, ఆయనా అనుకోనిచ్చాడు. తప్పంతా ఆ అనుకోనివ్వడంలోనే ఉంది.

అది ఆయన పాత స్నేహితుడిది, ఒక పాటగాడిది.

పాతికేళ్ళ వయసులో ఇద్దరూ ఒకే గదిలో ఉండేవారు. ఇద్దరికీ కలిపి ఒకటే మంచి చొక్కా. మెకానిక్ అప్పుడు గిటారు వాయించేవాడు, అందరూ బక్కోడనేవారు. ఒక పెద్ద హోటలు వాళ్ళు సాయంత్రాలు వాయించే బ్యాండు కోసం పరీక్ష పెడితే, డ్రమ్ములాయన్ని వెంటబెట్టుకుని వెళ్ళారు. మొదటి పాటకి బక్కోడు గిటారు మెడకి కేపో బిగించాడు. కేపో అంటే ఏం లేదు, తీగల్ని నొక్కిపట్టే చిన్న బిగింపు. ఎన్ని మెట్లు పైన పెడితే పాట అంత పైకెక్కుతుంది. రెండో పాటకి అది తీసెయ్యాలి. మహానుభావుడు మర్చిపోయాడు.

రెండో పాట ఒట్టి గిటారూ గొంతూ. గిటారు ఎక్కడికి పోతే పాటగాడూ అక్కడికే పోవాలి కదా. చివర్లో పెద్ద ఎత్తు ఒకటుంది. అక్కడికి వచ్చి నోరు తెరిస్తే కీచుమని చీలిక తప్ప ఏమీ రాలేదు. రావలసిన స్వరం దారితప్పి గిటారు పొట్టలో దూరింది. అది దూరడం బక్కోడి పొట్టకే తగిలింది, ఇంకెవరికీ తెలీలేదు.

"గొంతు పోయిందిరా నీకు," అన్నాడు డ్రమ్ములాయన.

బక్కోడు అప్పుడు చూశాడు కేపోని. తప్పు నాది, మళ్ళీ పాడిద్దాం అంటే సరిపోయేది. అనలేదు. మెల్లగా దాన్ని తీసి జేబులో వేసుకున్నాడు. హోటలు మేనేజరు గిటారు, డ్రమ్ములు చాలన్నాడు, పాటగాడు వద్దన్నాడు. వీడు సరేనన్నాడు. ఆ వారమే పాటగాడు గది వదిలి వెళ్ళిపోయాడు. చొక్కా వీడికే వదిలేశాడు.

ఇక చూడండి, బక్కోడి గిటారు పాడుతుందని ఊరంతా పేరు. హోటలు బ్యాండు తర్వాత పెళ్ళిళ్ళ బ్యాండు, అది గొడవపడి విడిపోతే ఒక ఫ్యాక్టరీ వాళ్ళ బ్యాండు, ఆ తర్వాత ఇంకో రెండు. చప్పట్లు మోగినప్పుడల్లా వాడు తల దించుకునేవాడు. అయినా తెల్లారితే మళ్ళీ అదే గిటారు భుజానికెత్తేవాడు. నలభై దాటేసరికి హోటళ్ళు బ్యాండ్లని మాన్పించి పాటల పెట్టెలు పెట్టుకున్నాయి. బావమరిది లిఫ్టుల కంపెనీలో చేర్పించాడు. ఆరు తీగలు పోయి ఆరు ఇనప తాళ్ళొచ్చాయని నవ్వుకునేవాడు. గిటారు గోడకెక్కింది, స్వరం దిగొచ్చి సంచిలో చేరింది.

ఆ రోజు పదకొండింటికి ఫోనొచ్చింది. ఐదంతస్తుల పాత భవనం, లిఫ్టు మూడుకీ నాలుగుకీ మధ్య ఆగింది, లోపల ఒకాయన ఉన్నాడు. మెట్లెక్కుతుంటేనే సంచిలో స్వరం ఒకచోట నిలవలేదు. నాలుగో అంతస్తులో తాళంచెవితో బయటి తలుపు తెరిచాడు. లోపలి తలుపుకి రెండు వేళ్ళ సందుంది.

"భయపడకండి సార్. పైకెళ్ళి మిషను చేత్తో తిప్పితే లిఫ్టు వచ్చేస్తుంది, పది నిమిషాలు."

"భయమేం లేదు, మెల్లగానే కానివ్వండి," అంది లోపల ఒక బొంగురు గొంతు. "గట్టిగా మాట్లాడలేను, ఏమనుకోకండి. పనికిమాలిన గొంతు. పాతికేళ్ళప్పుడే స్టేజి మీద నన్ను ముంచింది."

లోపలున్నది ఎవరో మెకానిక్‌కి తెలిసిపోయింది.

పైకెళ్ళి తిప్పేసి, సంతకం పెట్టించుకుని జారుకోవచ్చు. ఈ ముసలి మొహాన్ని ఎవరు గుర్తుపడతారు? ఆ ఆలోచనా వచ్చింది, దాచడమెందుకు. తలుపు తెరుచుకున్నాక ఆ కళ్ళలోకి చూస్తూ చెప్పే ధైర్యం తనకి లేదు. చెబితే ఈ సందులోంచే చెప్పాలి.

"అది నీ గొంతు తప్పు కాదురా," అన్నాడు. "కేపో. మొదటి పాటది తియ్యడం మర్చిపోయాను. రెండు మెట్లు పైన పాడించాను నిన్ను."



"బక్కోడివా?"

"ఊఁ."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

అసలు ప్రశ్న అదే. "అప్పుడే. నువ్వింకా స్టేజి దిగకముందే. తీసి జేబులో వేసుకున్నాను."

 "రోజూ తిట్టుకున్నానురా దీన్ని, అద్దంలో చూసి మరీ. నా కూతురు చిన్నప్పుడు జోల పాడమంటే, పోయి అమ్మనడుగు అనేవాణ్ణి. ఏ తప్పూ చెయ్యని గొంతుని ఇన్నేళ్ళు నోరు మూయించాను."

మెకానిక్ ఏడ్చాడు. క్షమించమని అడగలేదు, అడగడానికి మొహం చెల్లలేదు. సంచి తెరిచాడు. స్వరం గుడ్డ మీంచి లేచింది. ఇన్నేళ్ళు మోసిన మనిషి వైపు తిరిగైనా చూడకుండా సందులోంచి లోపలికి దిగిపోయింది. లోపల గుటక వేసిన చప్పుడైంది.

"క్షమించానని మాత్రం అనను." ఆ మాటలో ఇప్పుడు బొంగురు లేదు.

"అనొద్దు."

"వెళ్ళి తిప్పు మరి. కాళ్ళు లాగుతున్నాయి."

తిప్పి, కిందికి దిగొచ్చేసరికి లిఫ్టు ఖాళీగా ఉంది.

"స్వరమేదీ?" అంది ఇంట్లో భార్య.

"దానింటికి అది వెళ్ళింది."

"ఎవరింటికి?" అని మొదటిసారి అడిగిందావిడ. ఆయన మొత్తం చెప్పాడు. రెండు రోజులు ఆవిడ ఆయనతో మాట్లాడలేదు. ఆయన గోడమీది గిటారు దింపి మీటితే ఒట్టి చెక్క మోగింది.

మరుసటి నెల ఆ భవనానికే సర్వీసుకి వెళ్ళి, మిషను గదిలో తాళ్ళు తుడుస్తున్నాడు. కింద నాలుగో అంతస్తు నుంచి లిఫ్టు గోతిలోంచి పాట పైకొచ్చింది. అదే రెండో పాట, రెండు మెట్లు కింద, ఎక్కడ ఉండాలో అక్కడే. ఆ ఎత్తు దగ్గరికి వచ్చేసరికి మెకానిక్ ఊపిరి బిగబట్టాడు. గొంతు అనాయాసంగా ఎక్కి, కాసేపు నిలబడి, దిగింది.

"పైనున్నది నువ్వేనా?" అని కేక.

"నేనే."

"గిటారుందా ఇంకా?"

"ఉంది. ఇప్పుడది పాడదు."

"పాడేది నేను. ఆదివారం పట్టుకురా." కొంచెం ఆగి, "కేపో మాత్రం తేకు," అన్నాడు.

మెకానిక్ జేబు తడుముకున్నాడు. ముప్పై నాలుగేళ్ళుగా ఏ ప్యాంటు మార్చినా అది ఆ జేబులోకి మారుతూనే వచ్చింది. తీసి గ్రీజు డబ్బా పక్కన పెట్టి, వస్తానన్నాడు.