ఏడాదికొక్క పలకరింపు

బస్సు కండక్టరు తన కూతురి చెయ్యి పట్టుకుని మెట్లెక్కేసరికి కృత్రిమ కాళ్ల కేంద్రం తలుపులు తెరిచే ఉన్నాయి. లోపల మాత్రం మిషను చప్పుడు లేదు. ఉచితంగా కాళ్లు తయారుచేసి అమర్చే ఆ చోట, అందరూ కాళ్ల మేస్త్రి అని పిలుచుకునే పనివాడు ఖాళీ బల్ల ముందు కూర్చుని, తుడిచిన పనిముట్లనే మళ్లీ తుడుస్తున్నాడు.

పిల్లను నిలబెట్టి చూశాడు. నిరుడు అమర్చిన కాలు రెండు వేళ్ల మందం పొట్టిదైపోయింది. ఎదిగే పిల్ల కదా! బూటులో అట్టముక్కలు మడిచి పెట్టుకుని నెట్టుకొస్తోంది.

"ఇలాగే నడిస్తే నడుం వంకరపోతుందయ్యా," అన్నాడు మేస్త్రి. "కానీ ఏం చెయ్యను? సామాను అయిపోయింది. వార్షికోత్సవంలో చందాలు వస్తేగానీ మళ్లీ పని మొదలవదు."

"అందాకా పెరగకుండా ఉండమంటారా అంకుల్?" అంది పిల్ల.

కండక్టరు కంగారుపడ్డాడు. "దీనికి నోరెక్కువ, ఏమీ అనుకోకండి సార్. ఇంతవరకూ నడిపించారు, అదే పదివేలు."

పక్కగదిలో ఉన్న టీచరమ్మ ఈ మాటలన్నీ విన్నది. బడి ఉద్యోగం అయిపోయాక ఆవిడ ఈ సంస్థకి కార్యదర్శి అయింది. కండక్టరు నాలుగు తిట్టి పోయినా తట్టుకునేదేమో. దణ్ణం పెట్టి వెళ్లేసరికి ఆవిడకి కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు.

మంచి పనికి పూనుకున్నవాళ్లకి కూడా చెడ్డ అలవాట్లుంటాయి. ఏడాదికోసారి వేదిక కట్టి, మైకు పట్టుకుని దాతల్ని ఆకాశానికెత్తడం, వచ్చిన చందాతో హడావిడిగా నలుగురికీ కాళ్లు అమర్చడం, ఆ తర్వాత మళ్లీ వేదిక కట్టేదాకా దాతల గుమ్మం తొక్కకపోవడం ఆ సంస్థ ఆనవాయితీ. దాన్ని పద్ధతనుకున్నారే గాని, తప్పని ఎవరికీ తట్టలేదు.

మధ్యాహ్నం టీచరమ్మ బట్టల షాపుకి వెళ్లింది. ఆ షాపు షావుకారు ఏటా తప్పకుండా చందా ఇచ్చే మనిషి. ఆయన గుడ్డ కొలుస్తున్నవాడల్లా ఆవిడను చూసి, మీటరు బద్ద పక్కన పెట్టి చెక్కు పుస్తకం కోసం సొరుగు లాగాడు.

"అప్పుడే ఏడాది తిరిగిపోయిందా టీచరమ్మా?"

సిగ్గుతో ఆవిడ మొహం కందగడ్డయింది. తను కనబడగానే మనిషి సొరుగు లాగుతున్నాడంటే, ఇన్నేళ్లలో తను సంపాదించుకున్న పరిచయం ఇదన్నమాట! అడగాలని వచ్చిన మాట మానుకుంది.

"సొరుగు మూసేయండి షావుకారుగారూ. థాంక్స్ చెబుదామని వచ్చాను," అంది. ఆ క్షణానికి అది నిజమే అయింది. "నిరుడు మీరిచ్చిన దాంతో ఒక వంటావిడకి కాలు అమర్చాం. మంచం మీద కూర్చుని ఇంకొకరి చేతి అన్నం తిన్న మనిషి, ఇవాళ క్యాంటీన్లో నిలబడి వందమందికి వండుతోంది. మొన్న కలిస్తే, ఇచ్చినాయన ఎవరో ఒక్కసారి చూపించమంది."

షావుకారు సొరుగు మూశాడు. "ఇన్నేళ్లుగా ఇస్తున్నాను. ఈ సంగతులు ఒక్కటీ నాకు చెప్పలేదేం?"

"రసీదు పంపుతున్నాం కదండీ..."

"రసీదు చూస్తే వంటావిడ కనబడుతుందా? సరే, అసలెందుకొచ్చారో చెప్పండి."

టీచరమ్మ కండక్టరు కూతురి సంగతి దాచకుండా చెప్పింది.

"అడగందే అమ్మయినా పెట్టదంటారు," అన్నాడు షావుకారు. "మీకేమో ఏడాదికొక్క రోజే ఆకలేస్తుంది! బేరాల్లేవని నేను పనివాళ్లకి జీతం ఆపుతానా? బేరాలున్నప్పుడే లేని నెలల గురించి ఆలోచించుకుంటాను. ఒక్కసారే పెద్ద మొత్తం తీయాలంటే నాకూ బరువే. నెలనెలా కొంచెం తీసుకోండి, కరెంటు బిల్లు కట్టినట్టు కట్టేస్తాను. ఆ పిల్లకి కాలు అమర్చే రోజు మాత్రం నన్ను పిలవండి."

మొదటి నెల డబ్బుతోనే సామాను తెచ్చి, మాట ప్రకారం పిలిచారు. పిల్ల నడక నేర్పే కమ్మీలు పట్టుకుని రెండడుగులు వేసింది. తర్వాత కమ్మీలు వదిలేసి గది ఆ చివరి దాకా నిటారుగా నడిచి, తిరిగొచ్చి షావుకారు చెయ్యి పట్టుకుని ఊపింది. కండక్టరు ఏదో చెప్పబోతే ఆయనే ఆపాడు. "నువ్వు కాదయ్యా, నేను చెప్పాలి థాంక్స్. నా డబ్బు నడవడం ఇవాళే చూశాను," అని కళ్లు తుడుచుకున్నాడు.

ఆ వారమే కమిటీ కూర్చుంది. పని తక్కువగా ఉండే నెలల్లో దాతల్ని పిలిచి మేస్త్రి పని చూపించాలనుకున్నారు. బడులు తెరిచే ముందు, ఎదిగే పిల్లల కాళ్ల కోసం విడిగా అడగాలనుకున్నారు. నడక నేర్చినవాళ్ల కబురు ప్రతి రుతువులోనూ దాతలకి చేరాలనుకున్నారు. వార్షికోత్సవం ఎత్తేయలేదు. అది చెయ్యి చాచే రోజు కాక, ఏడాది కబుర్లు చెప్పుకునే రోజయింది.

"ఇలా మాటిమాటికీ వాళ్ల దగ్గరికి వెళ్తే విసుక్కోరూ?" అని ఒకాయన అనుమానపడ్డాడు.

టీచరమ్మ లేచి నిలబడింది. "అడగడానికే వెళ్తే విసుక్కుంటారు. ఇన్నాళ్లూ మనం ఏరు దాటి తెప్ప తగలేసుకున్నాం, మళ్లీ ఏరు అడ్డొస్తే తెప్ప కోసం వెతుక్కున్నాం. కష్టం పన్నెండు నెలలూ ఉంటుంది. మన కృతజ్ఞత కూడా పన్నెండు నెలలూ ఉంటే, అడగడానికి మనం సిగ్గుపడక్కర్లేదు, ఇవ్వడానికి వాళ్లకి బరువూ ఉండదు."