సాక్ష్యం చెప్పిన నోరు

"నీ గురించి సెప్పు" అని పెళ్లాడబోయే బావ క్రాంతికుమార్ ఇంటర్వ్యూ సాధన కోసం ఫోన్లో అడిగినప్పుడల్లా ఇవాంజెలిన్ నోట ఒకటే మాట తన్నుకొచ్చేది: "ప్రభువు నామంలో అందరికీ వందనాలు!" పూండి దగ్గర వాళ్ల ఊరి చర్చిలో చిన్నప్పట్నుంచీ అందరి ముందూ లేచి, దేవుడు తనకి చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పిన నోరు మరి. తన సంగతి చెప్పుకోవడమంటే దానికి అదొక్కటే తెలుసు.

"ఇదేటి, ఇంటర్వ్యూయా, ఆదివారం ఆరాధనా?" అని విశాఖలో అతను పగలబడి నవ్వేవాడు. ఆ నవ్వు పక్కనుండి వినాలని ఆమె ఆశ.

డయాలసిస్ టెక్నీషియన్ కోర్సు పూర్తిచేసింది కదా, విశాఖలో క్రాంతి ఉండే వీధికి దగ్గర్లోని ఆసుపత్రిలో ఇంటర్వ్యూకి వెళ్లింది. తడబడకుండానే మాట్లాడింది. వాళ్ల నుంచి మాత్రం ఉలుకూ పలుకూ లేదు. ఎదురుచూసి విసిగి, ఊరికి దగ్గర్లోనే, టెక్కలిలో కొత్తగా తెరుస్తున్న డయాలసిస్ కేంద్రానికి వెళ్లింది. అక్కడ డాక్టర్ ఝాన్సీలక్ష్మి అడిగింది ఒక్కటే.

"ఏడాదిపాటు మానకుండా ఉంటావామ్మా? నీ మాట నమ్మి పేషెంట్లని రమ్మంటాను."

ఉంటానంది. అంతటితో ఊరుకుందా? ఆదివారం చర్చిలో లేచి, టెక్కలిలో ఉద్యోగమిచ్చిన దేవునికి స్తోత్రమని సాక్ష్యం కూడా చెప్పేసింది. డయాలసిస్‌కి వారానికి మూడుసార్లు శ్రీకాకుళం దాకా బస్సులో పడి పోయొచ్చే లాజరు మావ, బెంచీ పట్టుకుని లేచి కళ్లు తుడుచుకున్నాడు.

"ఇంక నాకు టెక్కలే సాలమ్మా" అన్నాడు.

మర్నాడే విశాఖ ఆసుపత్రి నుంచి ఫోను, వచ్చి చేరమని. ఇవాంజెలిన్ గుండె గంతులేసింది. దాచడమెందుకు, ఆ క్షణాన ఆమెకి టెక్కలి గుర్తే రాలేదు.

గుర్తొచ్చేసరికి సాయంత్రమైంది. జీడితోటలో నిలబడి క్రాంతికి ఫోన్ చేసింది.

"ఇంకా ఆలోసిత్తన్నావేటే? ఇంట్లో బాగోలేదు, రాలేనని ఆ డాక్టరమ్మకి సెప్పీ. నానే డాక్టరమ్మననుకో. ఏదీ, సెప్పు" అన్నాడు.

ఇవాంజెలిన్ గొంతు సవరించుకుంది. "ప్రభువు నామంలో..."

అలవాటుగా వచ్చేసింది. అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆ మాట తర్వాత అబద్ధం చెప్పడం ఆ నోటికి చేతకాదు. బెంచీ పట్టుకుని లేచిన లాజరు మావే కళ్లముందు ఉన్నాడు.

"నాను సెప్పలేను బావా. ఏడాది టెక్కల్లోనే ఉంతాను."

"ఏడాదా?" అన్నాడతను. ఏడాదంటే ఆమెకి మాత్రం తక్కువా? వెళ్లిపోవాలనే ఉంది, ఇప్పుడే, కట్టుబట్టలతో.

"సరే" అన్నాడు చివరికి. "నీ గురించి సెప్పు."

ఈసారి వందనాలు రాలేదు.

"నాకు నీ కాడ ఉండాలనుంది బావా" అంది ఏడుస్తూ.