రజిని బండి దాటే చోటు

“కుడిపక్క చిన్నమ్మా. అసిస్టెంటు ఎప్పుడూ కుడిపక్కనే కూర్చుంటాడు,” అన్నాడు మస్తాన్, ఫోన్‌లో మ్యాపును రెండు వేళ్లతో పెద్దది చేస్తూ.

“కూర్చుంటాడు కాదు, కూర్చుంటాది,” అంది కామాక్షమ్మ.

“సరే, కూర్చుంటాది. బండి కృష్ణపట్నం కాణ్ణుంచి రాపూరు దిక్కు పోతాది. అంటే మనం ఉత్తరం పక్క ఉండాల. అవతల నిలబడితే డ్రైవరు మొహం చూసుకొని ఇంటికి రావాల్సిందే.”

ఉదయగిరి బస్టాండు ఎదురుగా మస్తాన్ సెల్ షాపు. ఆ ఊళ్లో రైలు కూత వినబడదు. అయినా అతనికి రైళ్ల పిచ్చి. ఆదివారమైతే మోటారుసైకిలేసుకుని ఎక్కడెక్కడికో పోయి, గూడ్సు బళ్లను వీడియో తీసి యూట్యూబ్‌లో పెడతాడు. ఆ పిచ్చికి నవ్విన వాళ్లలో పక్కింటి కామాక్షమ్మ కూడా ఉంది. ఇప్పుడు ఆమెకు అతనే దిక్కయ్యాడు.

కూతురు రజిని గూడ్సు రైళ్లలో అసిస్టెంట్ లోకో పైలట్. నెల కిందట ఆమె బండి కింద ఒక మనిషి పడ్డాడు. పట్టా పక్కన ఊరికే నిలబడి ఉన్నవాడు ఉన్నట్టుండి ముందుకు అడుగేశాడట. అంతకు మించి రజిని చెప్పలేదు. రోజూ ఫోన్‌లో “బాగానే ఉండాను మా” అంటుంది. అడగకముందే అంటుంది. తండ్రి జనార్దనయ్యది ఒకటే పట్టు, ఉద్యోగం మానేసి రమ్మని. మానమనాలో, ఉండమనాలో కామాక్షమ్మకు తేలడం లేదు. ఇంటికొస్తే ఆ పిల్ల నవ్వుమొహం పెట్టుకునే వస్తుంది. అమ్మ చూడటం లేదనుకున్నప్పుడు, ఆ ఇంజన్లో, ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలి.

“చెప్పి పోదామా పాపకి?” అన్నాడు మస్తాన్.

“చెప్తే వద్దంటాది. నువ్వు నోరు మూసుకో. రేపు పొద్దున కృష్ణపట్నంలో ఎక్కుతానని చెప్పినాది. ఎన్ని గంటలకో?”

“గూడ్సుకి టైమేంది చిన్నమ్మా. డ్యూటీ ఎక్కేముందు నీకు ఫోన్ చేస్తాది గదా, అదే మన టైము. అప్పటికి మనం ఆత్మకూరు చేరుండాల. ఇక్కణ్ణుంచి బయల్దేరితే గార్డు డబ్బా కూడా దొరకదు.” అతను మ్యాపులో ఒకచోట వేలు ఆనించాడు. “ఇదిగో, ఈ మలుపు. నేను రెండుసార్లు తీసినా. పట్టా పక్కనే మట్టిగట్టు. దాని మీద నిలబడితే పాప మొహం ఎదురుగా ఉంటాది. చెయ్యి ఊపు, పేరు పెట్టి పిలువు. నేను వీడియో తీస్తా.”

ఆ మట్టిగట్టు మీద తను నిలబడటం, కిటికీలో రజిని ఉలిక్కిపడి నవ్వడం ఆ రాత్రంతా ఆమె కళ్లలో మెదిలాయి.

పొద్దున భర్తతో కళ్ల డాక్టరని చెప్పి బస్సెక్కింది. మస్తాన్ తన మోటారుసైకిలు మీద వచ్చి ఆత్మకూరు బస్టాండులో కలిశాడు. టీ సగం తాగారో లేదో ఫోన్ మోగింది.

“మా, ఎక్కతన్నా. బొగ్గు బండి. ఫోన్ ఆపేస్తా.”

“తిన్నావా?”

“తిన్నా. యాడుండావు, ఆ బస్సుల మోతేంది?”

“అంగడికొచ్చినా,” అంది కామాక్షమ్మ.

మోటారుసైకిలు మీద చేజర్ల మీదుగా పోయి, కోసేసిన వరిచేల మధ్య దాన్ని ఆపి, మలుపు దాకా నడిచారు. కామాక్షమ్మ తుమ్మచెట్టు నీడన నిలబడి చెమట తుడుచుకుంటుండగా దూరాన హారన్ వినిపించింది.

“ఇది పాప బండి కాదులే. ఇంకా టైముండాది,” అంటూ మస్తాన్ గట్టెక్కి ఫోన్ ఎత్తాడు.

హారన్ ఆగలేదు. దగ్గరయ్యే కొద్దీ గొంతు చించుకున్నట్టు మోగుతూనే ఉంది. ఇంజను మలుపు తిరిగింది. కిటికీలో ఒక కుర్రాడు. సీట్లోంచి సగం లేచి, కిటికీ చువ్వ పట్టుకుని, మస్తాన్ కాళ్ల వైపే చూస్తున్నాడు. కోపంగా కాదు. బావిగట్టు మీంచి వంగిన బిడ్డను చూసినట్టు. ఇంజను మస్తాన్‌ని దాటాక గానీ అతను కూలబడలేదు.

“హారన్ అదిరింది చిన్నమ్మా! చూసినావా?”

“ఆ పిల్లోడి మొహం చూసినావా నువ్వు?”

“ఏ పిల్లోడు?”

కామాక్షమ్మ గట్టు మీదున్న అతని కాళ్ల వైపు చూసింది. పట్టా పక్కన ఊరికే నిలబడి ఉన్నవాడు. రజిని చెప్పిన ఆ ఒక్క ముక్క. ఇప్పుడు ఆ గట్టు మీద నిలబడి, చేతులూపుతూ కేకేయాలని తను ఇంత దూరం వచ్చింది.

“దిగు మస్తానూ. చేలోకి పోదాం పద.”

“ఏంది! ఇంతదూరం వచ్చి...”

“నిన్నుగాని, నన్నుగాని ఈడ చూసిందంటే దాని గుండె ఆగిపోతాది. దిగరా!”

“చేలో నిలబడితే మొహం కనపడదు చిన్నమ్మా.”

“కనపడకపోతే పోనీ.”

మళ్లీ హారన్. ఈసారి ముందనుకున్నదానికంటే త్వరగా. మస్తాన్ అలవాటుగా ఫోన్ ఎత్తాడు. ఆమె గట్టెక్కి అతని చొక్కా పట్టుకుని లాగింది.

“దిగతావా, ఆ ఫోను నేలకేసి కొట్టేదా?”

ఇద్దరూ జారుతూ చేలోకి దిగారు. మస్తాన్ పరుగందుకున్నాడు.

“పరిగెత్తబాక! పరిగెత్తే మనిషిని చూసినా బెదురుతాది. నడువు. ఇంకా అవతలికి. ఆఁ, ఇంక కూర్చో.”

వరికొయ్యలు గుచ్చుకుంటున్నా ఆమె చతికిలబడింది. గాలికి ఎగరకుండా కొంగు మోకాళ్ల కింద దోపుకుంది. ఇంజను మలుపులోకి వచ్చింది. కుడి చెయ్యి దానంతటదే లేవబోతే ఎడమచేత్తో అదిమి ఒళ్లో పెట్టుకుంది. కిటికీలో ఒక నల్లటి నీడ. కూర్చుని ఉందా, లేచి ఉందా? హారన్ ఒక్కసారి పొడుగ్గా మోగి ఆగిపోయింది. ఆ తర్వాత బొగ్గు, బొగ్గు, బొగ్గు. కళ్లలో దుమ్ము పడింది. చివరి డబ్బా దాటేదాకా ఆమె చెయ్యి వదల్లేదు.

ఆత్మకూరులో ఆమెను బస్సెక్కిస్తూ మస్తాన్, “నా వీడియోలన్నీ ఆ గట్టు మీంచి తీసినవే చిన్నమ్మా,” అన్నాడు.

సాయంత్రం అన్నం వారుస్తుండగా రజిని ఫోన్ చేసింది.

“మా, ఇవాళ ఒకటి జరిగినాది.”

కామాక్షమ్మ గిన్నె దించేసింది.

“రాపూరు దావలో ఒక మలుపుండాది. ఆ పక్క చేలో ఎవరో ఇద్దరు కూర్చోనుండారు, ముందర ఒకామె. పట్టా పక్క మనిషి కనపడితే చాలు, ఈ నెలంతా లేచి నిలబడతానే ఉండా మా. నీకు చెప్పలా. డ్రైవరు సారు కూడా తిట్టినాడు. ఇవాళ ఆమెను చూసి లేవబోయినా. ఆమె కదల్లా. బండలాగా కూర్చోనుండాది. నేను గూడా కూర్చున్నా. కూర్చొనే దాటినా.”

మధ్యగదిలోంచి జనార్దనయ్య, “మానేసి రమ్మని చెప్పు,” అని కేకేశాడు.

కామాక్షమ్మ తలుపు దగ్గరగా వేసింది.

“ఎండలో ఏం పనో పాపం ఆమెకి,” అంది. “రేపు ఎన్నింటికి డ్యూటీ?”