నాన్న వీపు మీద పడవ

మొదట ఒక చల్లటి చుక్క.

మెడ కింద, బనియను అంచు దగ్గర. వాన మొదలయ్యే ముందు పడే ఒంటరి చినుకులాగ.

తర్వాత అది కదులుతుంది. కిందికి జారి, గుండ్రంగా తిరిగి, కుడికి వంగి, కాసేపు ఆలోచించుకుని... మళ్ళీ పైకి వెళ్తుంది.

వాన కాదు. వేలు.

ట్యూబులు ముంచే నీళ్ళ తొట్టిలో తడిపి తీసిన, ఎనిమిదేళ్ళ పిల్ల చూపుడు వేలు.

"కదలకు నాన్నా."

నాన్న కదలడు. చేతిలో స్పానరు ఉన్నా, ముందు చక్రం సగం విప్పి ఉన్నా, సైకిల్ తాలూకు మనిషి ఎదురుగా నిలబడి గడియారం చూసుకుంటున్నా సరే... కదలడు.

"త," అంటాడు.

"కాదు. సరిగ్గా చదువు నాన్నా."

ఇదీ వాళ్ళ బడి.

ఇంటి ముందు గది సైకిల్ షాపు. పైన రేకులు. గోడకి వరసగా మేకులు, మేకులకి టైర్లు, టైర్ల మధ్య ఒక అద్దం. నేల మీద ఒక తొట్టి, ఒక పంపు, గ్రీజు డబ్బా, సాయంత్రానికి ఎక్కడుందో ఎవరికీ తెలియని పదో నంబరు స్పానరు. వెనక రెండు గదులు ఇల్లు. షాపుకీ ఇంటికీ మధ్య తలుపు ఉంది గానీ, అది వేసిన రోజు లేదు.

పిల్లకి ఒక పెద్ద పేరు ఉంది. అది బడి రిజిస్టరులోనే ఉండిపోయింది. వీధిలో అందరికీ ఆమె ట్రింగు.

వచ్చిన ప్రతి సైకిల్ బెల్లునీ మోగించి చూసిగానీ లోపలికి రానివ్వదు. వెనక గదిలో అన్నం తింటూ కూడా, బెల్లు విని ఎవరొచ్చారో చెప్పేస్తుంది. "పోస్ట్‌మాన్ మామయ్య బెల్లుకి గొంతు బొంగురుపోయింది, నూనె వెయ్యి నాన్నా," అంటుంది. వేసి చూస్తే నిజంగానే గొంతు బాగుపడుతుంది.

విన్నది మరిచిపోదు. వెళ్ళిన దారి మరిచిపోదు. విప్పిన చెయిన్ని ఎక్కించడం ఆరేళ్ళకే నేర్చుకుంది.

అక్షరాల దగ్గరే వచ్చింది చిక్కు.

"అవి కదుల్తాయి నాన్నా. మిగతావాళ్ళు చూస్తే బుద్ధిగా కూర్చుంటాయి. నేను చూస్తేనే కదుల్తాయి."

మూడేళ్ళు బడికి వెళ్ళింది. మూడేళ్ళూ వెనక బెంచీ. మొదట బద్ధకం అన్నారు. తర్వాత మొండిఘటం అన్నారు. చివరికి ఒక డాక్టరమ్మ రెండు రోజులు దగ్గర కూర్చోబెట్టుకుని, రకరకాలుగా అడిగి చూసి, ఇది బద్ధకమూ కాదు, మొండితనమూ కాదు అంది. తెలివికి ఏ లోటూ లేదంది. చదవడంలో పుట్టుకతో వచ్చిన ఇబ్బంది, ఈ పిల్లకి దారి వేరేగా చూపించాలి, అంతే... అంది.

నాన్న ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. పిల్లకి ఇబ్బంది ఉందని కాదు. మూడేళ్ళుగా తనూ ఆ పిల్లని తిట్టినందుకు.

అప్పటికే బడి సంచి కనిపిస్తే చాలు, ట్రింగుకి కడుపునొప్పి. ఒకరోజు షాపుకి తళతళలాడే కొత్త సైకిల్ వచ్చింది. దానికి గిన్నెంత బెల్లు. పిల్ల దాని పక్కనుంచే నడిచి లోపలికి వెళ్ళిపోయింది.

మోగించలేదు.

నాన్న చెయ్యి పంపు మీదే ఆగిపోయింది. ఇంక చాలనుకున్నాడు. ఇంట్లోనే. ఏదైతే అదవుతుంది... ఇంట్లోనే.

అమ్మ నర్సు. పొద్దున డ్యూటీకి వెళ్తూ గుమ్మంలో ఆగింది. "మీకంత ఓపికుందా?" అంది.

"పంక్చర్లు వేసేవాడికి ఓపిక లేకపోతే ఎలా?" అన్నాడు.

అన్నాడే గానీ, మొదటి నెల చేసిన నిర్వాకం అంతా ఇంతా కాదు. ఒక బోర్డు కొన్నాడు. టైం టేబుల్ రాసి గోడకి అంటించాడు. పాఠం చెప్పేముందు చేతులు తోముకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, గొంతు సవరించుకునేవాడు. ఆ సవరింపు వినగానే పిల్ల బిగుసుకుపోయేది. పదో రోజుకి మళ్ళీ కడుపునొప్పి.

అమ్మ నవ్వలేదు. "ఇంట్లో కూడా బడే పెట్టారా?" అంది.

నాన్న బోర్డుని గోడవైపు తిప్పేశాడు. తొట్టి దగ్గర కూర్చుని చాలాసేపు ఒక ట్యూబుని నీళ్ళలో తిప్పుతూ ఉండిపోయాడు. చిల్లు ఎక్కడుందో చూడకుండా పంపు కొడితే, రోజంతా కొట్టినా దండగే. బడివాళ్ళు అలాగే పంపు కొట్టారు. తనూ కొట్టాడు. ఇంత చిన్న సంగతి, రోజూ చేతులతో చేసే సంగతి, తన బుర్రకి ఎక్కలేదు.

తర్వాత కొన్నాళ్ళు పాఠాలు లేవు. పిల్ల షాపులో తిరిగింది. మేకులు లెక్కపెట్టింది. బెల్లులు మళ్ళీ మోగాయి... ఒకటి, రెండు, మెల్లగా అన్నీ.

ఒక మధ్యాహ్నం వాన. వీధిలో ఎవరూ లేరు. నాన్న చేతులకి మోచేతుల దాకా గ్రీజు. ట్రింగు అతని వెనక నిలబడి, ఎదురు షాపు షట్టరు వైపు చూస్తోంది.

"నాన్నా, ఆ షట్టరు మీద మొదటి అక్షరం ఏంటి?"

నాన్న తిప్పుతున్న చక్రాన్ని ఆపాడు. ఎన్నాళ్ళకో తనంతట తాను అడిగిన అక్షరం అది. తిరిగి చూద్దామంటే రెండు చేతుల్లోనూ చక్రం. పలక అందుకుందామంటే... ముట్టుకున్నదల్లా మసే.

"నా చేతులు చూడవే. నా ఒంటి మీద శుభ్రంగా ఉన్నది వీపొక్కటే. అక్కడ రాసెయ్."

అనుకుని అన్నది కాదు. నోటికొచ్చింది, అన్నాడు.

పిల్ల తొట్టిలో వేలు ముంచింది. ఒక చల్లటి చుక్క. ఒక వంపు... ఇంకో వంపు...

"ల," అన్నాడు నాన్న.

ట్రింగు షట్టరు వైపు చూసింది. వేలి వైపు చూసింది. బనియను మీద తడి గీత ఇంకా ఉంది.

"నాన్నా," అంది మెల్లగా. "ఇది కదల్లేదు."

బయట వాన రేకుల మీద దబదబ కొడుతోంది. లోపల నాన్న చక్రం పట్టుకుని, నవ్వాలో ఏడవాలో తెలియక, అలాగే కూర్చున్నాడు.

ఆ రోజు నుంచి వీపే పలక.

కాగితం మీద తప్పించుకు తిరిగే అక్షరాలు వేలి కింద దొరికిపోయాయి. ప రాస్తే వేలు ఒకసారి లేచి, పైన విడిగా తలకట్టు పెడుతుంది. వ రాస్తే లేవదు, ఒకటే పరుగు. కళ్ళని అంత ఏడిపించిన ఆ జంట, వీపు దగ్గరికొచ్చేసరికి ఎవరికి వారే. ఖ రాస్తే నాన్నకి చక్కిలిగింత. ఝ రాయాలంటే భుజం నుంచి నడుము దాకా స్థలం కావాలి. ఒకసారి సరదాకి పొట్ట మీద రాసి చూసింది. అన్నీ తిరగబడ్డాయి. ఇద్దరూ నేల మీద పడి నవ్వారు, పంక్చరు కోసం వచ్చినాయన సైకిల్‌తో సహా వెనక్కి వెళ్ళబోయాడు.

తప్పు రాస్తే అరచేత్తో తుడిచేస్తుంది. పైనుంచి కిందికి, బరబరా. ఎన్నిసార్లయినా. చెరిపిన చోట మరక ఉండదు, ఎర్ర సిరా ఉండదు.

"తొందరేం లేదు తల్లీ. నిదానంగా," అంటాడు నాన్న.

అదొక్కటే పాఠం. మిగతాదంతా ఆమె వేలే చెప్పింది.

కొన్నాళ్ళు నీళ్ళు, కొన్నాళ్ళు సుద్దపొడి. సాయంత్రం అమ్మ ఇంటికొచ్చి, ముందు నాన్నని వెనక్కి తిప్పి చూసేది. "ఓహో, ఇవాళ చేపలూ కొంగలా?" అనేది. తర్వాత తనూ బోర్లా పడుకుని, "నాక్కూడా రాయవే," అనేది. రెండో అక్షరం పూర్తయ్యేలోపు నిద్రపోయేది. రోజంతా నిలబడిన మనిషి మరి. పిల్ల మాత్రం వాక్యం పూర్తి చేసే లేచేది.

అక్షరం మాటయింది. మాట వాక్యమయింది. ఏడాది తిరిగొచ్చింది.

ఇంటి చదువుకి అనుమతి ఇచ్చింది ఒక్క ఏడాదికే. చివర్లో విద్యాశాఖ ఆఫీసు నుంచి ఒక మేడమ్ వస్తారు. పిల్ల ఎప్పుడూ చూడని పేజీ ఒకటి ఇస్తారు. చదివితే సరి. చదవకపోతే... మళ్ళీ అదే బడి, అదే వెనక బెంచీ.

ఆ తేదీ నాన్నకి కడుపునొప్పి తెప్పించింది.

మేడమ్ వచ్చారు. చదువు జరిగే చోటే చూడాలని షాపులోనే స్టూలు మీద కూర్చున్నారు. మంచి మనిషిలాగే ఉన్నారు. ఒక సన్నటి పుస్తకం తెరిచి పిల్ల చేతికిచ్చారు.

ట్రింగు పేజీ చూసింది.

చూస్తూనే ఉంది.

మెడ మీద చెమట. పెదవులు తెల్లబడ్డాయి. నాన్నకి తెలుసు... అవి కదుల్తున్నాయి. అన్నీ ఒక్కసారే లేచి తిరుగుతున్నాయి.

మేడమ్ పెన్ను మూత తీశారు.

"నాన్న వీపు కావాలి," అంది ట్రింగు.

"ఎందుకమ్మా?"

"చదవడానికి."

మేడమ్ ఫారం ముందూ వెనకా తిప్పి చూశారు. అందులో వీపు గురించి ఏమీ రాసి లేదు. "సరే," అన్నారు. "కానీ మీరు గోడవైపు తిరిగి కూర్చోవాలి. నోరు విప్పకూడదు. దగ్గకూడదు. భుజం కూడా కదపకూడదు."

నాన్న గోడవైపు తిరిగాడు. అద్దం ఉన్న వైపు కూడా కాదు, ఉత్త గోడ వైపు.

చల్లటి చుక్క.

ఒక వంపు, ఇంకో వంపు... వేలు లేచింది. విడిగా తలకట్టు. ప.

తర్వాత డ.

తర్వాత వేలు మొదలుపెట్టింది, తిరిగింది... లేచింది.

లేవకూడదు. అక్కడ లేస్తే ఆ మాటే కాదు. నాన్నకి తెలిసిపోయింది. గదిలో అందరికంటే ముందు, మేడమ్ కంటే ముందు, అతని వీపుకి తెలిసిపోయింది. ఒక్కసారి భుజం ఎగరేస్తే చాలు, పిల్లకి అర్థమవుతుంది. భుజం రాయి చేసుకున్నాడు. గోడ మీద చిన్న పగులు ఉంది. దాన్నే చూస్తూ, ఎప్పుడూ ఎవరినీ ఏదీ అడగని మనిషి, ఆ పగులుని బతిమాలుకున్నాడు.

వేలు గాల్లో ఆగింది.

చాలాసేపు.

అప్పుడు అరచెయ్యి. పైనుంచి కిందికి, బరబరా.

మళ్ళీ చుక్క. ఈసారి లేవలేదు. ఒకటే పరుగు.

"పడవ," అంది ట్రింగు.

నాన్న కళ్ళలో పగులు మసకబారింది.

పడవ కదిలింది. ఏట్లో వాన పడింది. ఒక్కో మాటా ముందు వీపు మీదికి, ఆ తర్వాతే గాల్లోకి. మేడమ్‌కి ఇచ్చిన టీ చల్లారిపోయింది. పోస్ట్‌మాన్ వచ్చి, బెల్లు మీద చెయ్యి వేసి, లోపలికి చూసి, చెయ్యి తీసేసి, గుమ్మంలోనే గొంతుక్కూర్చున్నాడు. పేజీలో పన్నెండు వాక్యాలు. పదకొండయ్యాయి.

పన్నెండోదానికి వీపు మీదికి ఏమీ రాలేదు.

చెయ్యి ఊరికే ఆనించి ఉంది, వెచ్చగా. వేలు కదలడం లేదు. అయిపోయింది, పిల్ల అలిసిపోయింది, ఆగిపోయింది అనుకుని నాన్న కళ్ళు మూసుకున్నాడు.

"పడవ ఒడ్డు చేరింది," అంది ట్రింగు.

రాయకుండానే.

మేడమ్ ఫారం మీద చాలాసేపు ఏదో రాసుకున్నారు. "ఉత్తరం వస్తుంది," అన్నారు లేస్తూ. "నేనే తెస్తాగా," అన్నాడు పోస్ట్‌మాన్ గుమ్మంలోంచి.

మేడమ్ సైకిల్ మీదే వచ్చారు. వెళ్ళేముందు ట్రింగు ఆ బెల్లు కూడా మోగించి చూసింది.

నెల్లాళ్ళు నాన్న వేసిన ప్రతి పంక్చరూ రెండుసార్లు వేశాడు.

మబ్బు పట్టిన ఒక పొద్దున, వీధి మొదట్లోనే బెల్లు మోగింది. ఒకసారి కాదు, మూడుసార్లు. అమ్మ డ్యూటీలో ఉంది. నాన్న చేతులు మోచేతుల దాకా గ్రీజు. పోస్ట్‌మాన్ కవరు చాపాడు. నాన్న ముట్టుకోబోయి, చేతులు వెనక్కి లాక్కున్నాడు.

"నువ్వు చింపు తల్లీ."

చింపిన చప్పుడు. కాగితం మడత విప్పిన చప్పుడు. నాన్న వెనక్కి తిరగబోయాడు.

"కదలకు నాన్నా."

"ఏముందే అందులో?"

ఊపిరి మాత్రం వినిపిస్తోంది. నవ్వు ఆపుకుంటోందో, ఒక్కో మాటా కూడుకుంటోందో... పోస్ట్‌మాన్ మొహం చూద్దామంటే, ఆయన వీధివైపు తిరిగి నిలబడ్డాడు.

తొట్టిలో నీళ్ళు కదిలాయి. వీపు మీద వేలు. ఒక వంపు, ఒక గీత, ఇంకో గీత. ఇప్పుడు రాసేది ఆమె చదవడానికి కాదు. ఆమె చదివేసింది. నాన్న చదవడానికి.

నాన్నకి ఒక్క అక్షరం అందలేదు. గుండె దడదడలో అన్నీ కలిసిపోయాయి. అన్నీ కదుల్తున్నాయి.

"మళ్ళీ రాయవే... తెలీలేదు."

అరచెయ్యి పైనుంచి కిందికి తుడిచింది.

"తొందరేం లేదు నాన్నా. నిదానంగా చదువు."

రేకుల మీద టప్పుమని ఏదో పడింది. ఇంకొకటి. నాన్న వీపు నిటారుగా పెట్టి, కళ్ళు మూసుకున్నాడు.

మెడ కింద, బనియను అంచు దగ్గర, ఒక చల్లటి చుక్క...

అది కదిలింది.